ఏడ్చిన చావులు, ఏడవని చావు

ముందు ఒక హెచ్చరిక చెప్పి, తర్వాత నా సంగతి చెప్తాను. మలంలో రక్తం కనబడితే మొలలే అనుకొని ఊరుకోకండి. నేను ఊరుకున్నాను. ఒకటి రెండు వారాలు కాదు, ఎనిమిది నెలలు. బొగ్గుబాయి టైం ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు కుర్చీలో కూర్చున్న గుమాస్తాను కాబట్టి మొలలు రాక ఏమొస్తాయని నాకు నేనే వైద్యం చెప్పుకున్నాను. సిగ్గు కూడా ఉంది. నా భార్య విజయకు సైతం చెప్పలేదు. తాయెత్తులు కట్టుకోకండి, దవాఖానకు పోండి అని గోదావరిఖనిలో ఏళ్ల తరబడి మైకులో అరిచినవాణ్ణి నేనే.

ఇప్పుడు బాగానే ఉన్నాను. అన్నం అరుగుతోంది. మూడు నెలలకోసారి హైదరాబాద్ వెళ్లి పరీక్ష చేయించుకొని వస్తున్నాను. భయం తగ్గింది, పోలేదు. కాస్త కుదుటపడ్డాక రాయమని విజయ అంది. రాస్తే జబ్బు గురించి మాత్రమే రాయడం కుదరదని మొదటి పేజీలోనే అర్థమైంది.

ఇందులో ఇద్దరు పెద్దమనుషుల మాట వస్తుంది. ఇద్దరూ పేరున్నవాళ్లే, ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ల పేర్లు రాయను. నా తప్పును వాళ్ల పేర్ల పక్కన పెట్టడం నాకిష్టం లేదు.

మే

నేను దేవుణ్ణి నమ్మను. మా అమ్మ ఎస్తేరమ్మ, మేం అవ్వ అంటాం, ఆదివారం చర్చి తప్పని మనిషి. నాన్న బాయిలో కోల్‌కట్టర్. ఆయనా అంతే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు మా కాలనీకి ఒక సైన్సు లెక్చరర్ వచ్చి, నిప్పుల మీద నడిచి చూపించి, అందులో మహిమ ఏమీ లేదని విడమరచి చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి నేను ఆయన మనిషినయ్యాను. అందరూ ఆయన్ని సారు అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. మా పెళ్లి కూడా దండలు మార్చుకొని చేసుకున్న పెళ్లే. విజయది హిందువుల ఇల్లు. మాకు పిల్లలు లేరు.

మంచి మనిషి, పేరున్న మనిషి ఎవరు పోయినా కాలనీ హాల్లో సంతాప సభ పెట్టేది నేనే. ఫోటో తెప్పించేవాణ్ణి, పూలు పెట్టేవాణ్ణి, దీపం పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేవాణ్ణి కూడా. "ప్రభాకరన్న సభ పెడితే ఏడిపిస్తడు" అని జనం అనుకునేవాళ్లు. అది విని లోపల కొంచెం గర్వపడేవాణ్ణి.

నా జబ్బును విజయ బట్టలు ఉతుకుతుండగా పట్టుకుంది. తడి లుంగీ పట్టుకొని వచ్చి నా ముందు నిలబడింది.

"ఎన్ని దినాలసంది?"

"నాలుగైదు దినాలే."

"నాకు అబద్ధం చెప్పకు. పోయిన నెల గూడ ఉతికిన. మిరపకాయ కారం తింటున్నవ్ గదా, గందుకనుకున్న. నాదే బుద్ధి తక్కువ."

తప్పు నాదైతే తన మీద వేసుకుంది. ఆ తర్వాత చాలా రోజులు అదే నడిచింది.

కంపెనీ దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కొని, హైదరాబాద్‌కు రాసిచ్చింది. "అంకుల్, జల్దీ పోవాలె. వచ్చే వారం అనకండి" అంది. వెళ్లాం. కెమెరా గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పంపారు. పెద్దపేగులో గడ్డ ఉంది. డాక్టర్ ఒక కాగితం మీద పేగును వంపులుగా గీసి, ఒకచోట పెన్నుతో చుక్క పెట్టాడు. ఆ కాగితాన్ని విజయ మడిచి బ్యాగులో పెట్టుకుంది, రసీదు దాచుకున్నట్టు.

జూన్

దవాఖాన వరండాలో కూర్చోవడమే ఒక ఉద్యోగం. పొద్దున ఏడింటికి టోకెన్ తీసుకుంటే పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటేది. అక్కడ ప్రతి ఒక్కరి చేతిలోనో మెడలోనో ఏదో ఒకటి ఉంది. ఎర్ర దారం, పచ్చ దారం, జపమాల, చిన్న ఫోటో. ఏమీ లేనిది నా చేతులకే. అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకునేవాణ్ణి.

నా పక్కన ఒకామె కూర్చుంది. నస్పూర్ నుంచి వచ్చింది. భర్తను లోపలికి తీసుకెళ్లారు, బాయిలో పనిచేసే మనిషి. మాది గోదావరిఖని అనగానే ఇంటి మనిషి దొరికినంత సంబరపడింది. బత్తాయి ఒలిచి సగం నాకు, సగం విజయకు ఇచ్చింది.

"తినన్నా. పొద్దటిసంది చూస్తున్న, మీరిద్దరు ఏం తినలే."

ఆ బత్తాయి తొనలు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. మా కాలనీ మిత్రుడు. సారు పొద్దున పోయాడు.

ఆయన తొంభైకి దగ్గర పడ్డ మనిషి. తెలియని సంగతేమీ కాదు. అయినా నేను ఆ వరండాలో గట్టిగా ఏడ్చాను. నా గొంతు నాకే వింతగా వినపడింది. విజయ నా భుజం పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు నా రిపోర్టు సంగతేదో తెలిసిందనుకొని తలలు తిప్పుకున్నారు. నస్పూర్ ఆమె మాత్రం తిప్పుకోలేదు.

"ఎవరు పోయిండ్రన్నా? మీ నాయనా?"

"నాయన కాదమ్మా. ఒక పెద్దమనిషి. ఆయన మాటలు విని బతికిన నేను."

"మీ చుట్టమా?"

"కాదు."

"మీతోని మాట్లాడేటోడా?"

నిజం చెప్పాలి. "రెండుసార్లు మాట్లాడిండు. ఒకపారి మా ఇంట్ల అన్నం తిన్నడు."

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుంది. సారు ఆమెకు ఎవరని ఏడవాలి, నా ఏడుపు చూసి ఏడ్చింది. "రెండుసార్లు మాట్లాడిన మనిషికే గింత ఏడిస్తివంటే, నీ ఇంట్ల మనిషికి ఎంత ఏడ్చినవో అన్నా. మెత్తటి మనసు నీది" అంది.

మెచ్చుకోలుగానే అంది. విజయ చేయి నా భుజం మీద నుంచి జారిపోయింది. ఆమెకు తెలుసు, మా అవ్వ పోయినప్పుడు నేను ఏడవలేదని.

అంతలో లోపలి నుంచి ఆమె భర్త పేరు చెప్పి, తోడు వచ్చినవాళ్లు రమ్మని పిలిచారు. బత్తాయి తొక్కలు కొంగులో వేసుకొని పరుగెత్తింది. ఆమె పేరు నేను అడగలేదు. మళ్లీ కనపడలేదు.

అంతకు ఐదేళ్ల ముందు

నాన్న పోయాక అవ్వ మా అక్క దగ్గర ఉండేది. అక్క పేరు సువార్త. రామకృష్ణాపూర్‌లో కంపెనీ దవాఖానలో ఆయాగా పనిచేసేది. బావ లేడు. గోదావరి వంతెన దాటితే మా ఇంటి నుంచి బస్సులో గంటకు మించని దూరం.

ఆ చలికాలం అక్క ఫోన్ చేసింది. "తమ్మి, అవ్వకు పాణం మంచిగ లేదు. నిన్ను అడుగుతుంది. ఒక్కపారి వచ్చిపో."

వస్తానన్నాను. మరుసటి పొద్దున ఒక గొప్ప గాయకుడు చనిపోయాడని తెలిసింది. మా తరం ఆయన పాటలు పాడుకుంటూ పెరిగింది. నేను బస్టాండుకు వెళ్లి రామకృష్ణాపూర్ బస్సు ఎక్కలేదు. హైదరాబాద్ బస్సు ఎక్కాను. ఆయన్ని చివరిసారి చూడటానికి ఆరు గంటలు వరుసలో నిలబడ్డాను. ముఖం చూడటానికి దొరికింది ఒక్క క్షణం, వాలంటీర్లు నెట్టేస్తూ ఉన్నారు. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి, అప్పుడు అవ్వ దగ్గరికి వెళ్లాను.

అవ్వ చిన్నదైపోయింది. మంచంలో దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. చూపు మసకేసింది. అక్క డ్యూటీలో ఉంది, ఇంట్లో మేమిద్దరమే. తలగడ కింద నుంచి బైబిలు తీసి నా వైపు జరిపింది.

"అక్క రోజు సదువుతది. ఇయ్యాల పొద్దున షిఫ్టుకు పోయింది. జర నువ్వు సదువు కొడుకా."

నేను పుస్తకం ముట్టుకోలేదు. "అవ్వా, నేను నమ్మనిది నోటితోని ఎట్ల చదువాలె? అబద్ధమాడినట్టు కాదా?"

"నిన్ను నమ్ముమన్ననారా? సదువుమన్న. నీ గొంతు ఇన్నట్టయితది."

అప్పుడైనా నాకు అర్థం కావాలి. కాలేదు. నేను పేపరు తీసి ఆ గాయకుడి గురించి వచ్చిన వ్యాసం చదివాను. అవ్వ కళ్లు మూసుకొని మొత్తం విన్నది. చివర ఒకే మాట అడిగింది. "ఆయనకు అవ్వ ఉన్నదా?"

తెలియదన్నాను. సాయంత్రం బస్సుకు వచ్చేశాను, ఆ ఆదివారం సంతాప సభ ఏర్పాట్లు ఉన్నాయని. సభ బాగా జరిగింది. తర్వాత నాలుగు రోజులకు అవ్వ పోయింది.

చర్చిలో ప్రార్థన జరుగుతున్నంతసేపూ నేను గేటు బయట నిలబడ్డాను. నా సిద్ధాంతం నాకుంది అనుకున్నాను. మట్టి వేసేటప్పుడు మాత్రం గుంత దగ్గరికి వెళ్లి పిడికెడు వేసి వచ్చాను. అక్క నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఐదేళ్లు, పెళ్లిళ్లలో ఎదురుపడితే "మంచిగున్నవా" అంటే "మంచిగున్న" అనుకోవడం తప్ప మా మధ్య మాటల్లేవు. గాయకుడి మీద నేను రాసిన వ్యాసం మా సంఘం పత్రికలో నాలుగు పేజీలు వచ్చింది. అవ్వ మీద నేను ఒక వాక్యం కూడా రాయలేదు.

జూలై, ఆగస్టు

ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశారు. కోసిన పేగు మానేదాకా పొట్ట మీద దారి చేసి, దానికి సంచి తగిలించి ఇంటికి పంపారు. మలం ఆ సంచిలోకి వస్తుంది. దాన్ని మార్చడం విజయకు నర్సు రెండుసార్లు చూపించింది.

ఇంటికొచ్చిన మూడో రోజు సంచి ఊడిపోయింది. పక్క బట్టలు, నేను, నేల అన్నీ పాడయ్యాయి. విజయ శుభ్రం చేయబోయి, బయటికి పరుగెత్తి వాంతి చేసుకుంది. ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, ధైర్యం లేనిది కాదు, కడుపు ఒప్పుకోలేదు. నాకు ఆమె మీద జాలి కలగాల్సింది. కోపమొచ్చింది.

"నువ్వు పో! నేనే కడుక్కుంట!" అని అరిచాను. లేవబోతే కుట్లు లాగాయి.

ఆమె గడప మీద కూర్చొని ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కొని వచ్చి, "అక్కకు ఫోన్ చేస్త" అంది.

"చెయ్యకు. ఏ మొఖం పెట్టుకొని పిలుస్తం?"

"నీ మొఖం నువ్వు చూసుకో. నాకు మనిషి కావాలె" అని నా ముందే ఫోన్ చేసింది.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు అక్క వచ్చింది. చేతిసంచి గోడకు ఆనించి, నీళ్లు కాగబెట్టమని విజయకు చెప్పి, చీర కొంగు నడుముకు దోపుకొని నా దగ్గరికొచ్చింది. నేను ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

"సిగ్గెందుకురా? నిన్ను చిన్నప్పుడు కడిగింది నేనే. అవ్వ నాయనకు సద్ది ఇయ్యనీకి బాయికాడికి పోయేది."

గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ. దవాఖానలో ఎవరి చేతులూ అంత తేలిగ్గా పడలేదు. అక్క ఐదు వారాలు ఉంది. మధ్యాహ్నం దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీలు అదిరేవి. ఆ వేళకు గడియారం చూసుకొని వచ్చి, నేను ఉలిక్కిపడకుండా నా పొట్ట మీద చేయి ఆనించి కూర్చునేది. అది ఎవరూ ఆమెకు చెప్పలేదు.

అవ్వ మాట ఆమె ఎత్తలేదు. పొద్దున వంటింట్లో తలుపు దగ్గరికేసి ప్రార్థన చేసుకునేది, నాకు వినబడకూడదని. వినబడేది. నా పేరు రెండు మూడుసార్లు వచ్చేది.

ఒకరోజు చర్చి నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు, నా తల మీద చేయి పెట్టి ప్రార్థిస్తామని. వద్దని మొరటుగా చెప్పాను. "నా ఇంట్ల గివన్ని నడువయి" అన్నాను. వాళ్లు చిన్నబోయి వెళ్లిపోయారు. అక్క వాళ్లను గేటుదాకా పంపి వచ్చి, మొదటిసారి గొంతు పెంచింది.

"వాళ్లు నీ కోసం రాలేదురా! నా కోసం వచ్చిండ్రు. నాకు భయమైతంది. నీకు భయం కాదా? నీకు పుస్తకాలున్నయి. నాకెవరున్నరు?"

నాకూ భయమే అని చెప్పి ఉంటే సరిపోయేది.

సెప్టెంబరు నుంచి డిసెంబరు

కీమో ఎక్కించిన నెలలివి. రామగుండం స్టేషన్‌లో రైలెక్కడం, రెండు రోజులకు తిరిగొచ్చి అక్కడే దిగడం, వారం రోజులు ఏది తిన్నా ఇనుప ముక్క నాకినట్టుండటం. వేళ్లు చల్లనీళ్లు తగిలితే సూదులు గుచ్చినట్టుండేవి. అది తప్ప వైద్యం సంగతులు ఇంకేమీ రాయను.

చావు గురించి ఆలోచించడానికి తీరిక దొరికింది. పుట్టకముందు మనకు బాధ లేదు, పోయాకా ఉండదని సారు చెప్పేవాడు. ఆ మాట నన్ను మోసం చేయలేదు. ఒక్కసారి కూడా మొక్కాలనిపించలేదు. నేను మంచం మీద మారిపోతానని ఎదురుచూసినవాళ్లు ఉన్నారు, మారలేదు. నరకమంటే భయం లేదు. నేను లేకపోవడమన్నా భయం లేదు. నేను పోయాక, షిఫ్టు సైరన్ కూసినప్పుడు విజయ ఒక్క గ్లాసు చాయ్ మాత్రమే పెట్టుకుంటుంది కదా అని తోచినప్పుడు మాత్రం భయమేసేది.

చావు తర్వాత ఏమీ లేదని నేను వందల మందికి చెప్పాను. తర్వాత ఏమీ లేదని నిజంగా నమ్మేవాడు, పోయే మనిషి దగ్గర అందరికంటే ఎక్కువసేపు కూర్చోవాలి. మళ్లీ కలుస్తామన్న ఆశ అవ్వకుంది, అక్కకుంది. నాకు లేదు. ఆ పూట పోతే ఇక దొరకదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, సాయంత్రం బస్సు పట్టుకొని వచ్చింది కూడా నేనొక్కణ్ణే. అది నా సిద్ధాంతంలోని లోపం కాదు. నాలోని లోపం.

అక్క అప్పుడప్పుడూ వచ్చిపోయేది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఎండలో కూర్చొని చిక్కుడుకాయలు గిల్లుతుంటే అడిగాను.

"అక్కా, ఆ చివరి దినాలల్ల అవ్వ నా గురించి ఏమన్న అన్నదా?"

చేతులు ఆగాయి. "అన్నది."

"ఏమన్నది?"

"మల్లొస్తడా అని అడిగింది. రెండు మూడు పార్లు అడిగింది. వస్తడన్న."

నేను తల దించుకున్నాను. ఆమె నన్నే చూస్తోంది.

"ఏమనలేదని చెప్తే నీ పాణం నిమ్మలమైతుండె. చెప్పాల్నా గట్ల?"

"వద్దు."

"నేను గూడ అబద్ధం చెప్పరాదనుకున్న" అంది. బైబిలు దగ్గర నేనన్న మాట అవ్వ ఆమెకు చెప్పినట్టుంది. దెప్పిపొడవడానికి అనలేదు. అని, మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. అప్పుడు ఏడ్చాను. సభలో ఏడ్చినట్టు కాదు, మాటలేమీ రాలేదు. అక్క పక్కనే కూర్చొని పని చేసుకుంటూ పోయింది. ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిన ఏడుపు ఎవరికి పనికొస్తుంది? అవ్వకైతే రాదు.

జనవరి, ఆ తర్వాత

సంచి తీసేసి పేగు కలిపారు. మిత్రులు సారు సంతాప సభ నా కోసం ఆపి ఉంచారు. హాలు నిండింది. అరగంట మాట్లాడతానని అందరూ అనుకున్నారు. పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. అందులో సగం ఎస్తేరమ్మ గురించి. ఆ హాల్లో ఆమె పేరు పలకడం అదే మొదలు. అయ్యాక ఒక పాత మిత్రుడు పక్కకు పిలిచి, "సారు సభల అవ్వ ముచ్చట ఎందుకు ప్రభాకరన్నా? జనం నువ్వు మారినవనుకుంటరు" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. అది ఆమె సభ కాదు. ఆమెకు సభ లేదు.

ఫిబ్రవరిలో నేనొక కాగితం బయటికి తీశాను. నేను పోయాక నా శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వాలని. విజయ చదివి సంతకం పెట్టింది. రెండో సంతకం కోసం అక్కకు చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని నెమ్మదిగా చదివింది.

"అవ్వ పక్కన జాగ ఉన్నది గదరా?"

"నాకు వద్దక్కా. నలుగురు పోరగాళ్లు చదువుకుంటరు."

"చదువుకోనీ. మంచిదే. నువ్వు పోతే నేను ఎక్కడికి రావాలె నిన్ను చూడనీకి? కాలేజీకి రావాల్నా? గేటు కాడ వాచ్‌మెన్‌కు ఏమని చెప్పాలె?"

దేహదానం మీద ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"చూడాలనిపిస్తే ఇప్పుడే రా అక్కా. ఉన్నప్పుడే రా" అన్నాను.

ఆమె కాగితం బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయింది. కోపమొచ్చిందనుకున్నాను. తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం బస్సుకు దిగింది. ఆ మరుసటి ఆదివారం కూడా. సంతకం పెట్టలేదు, నేను అడగలేదు. ముగ్గురం కలిసి అన్నం తింటాం. కాసేపు కునుకు తీస్తుంది. సాయంత్రం బస్టాండుదాకా నేను తోడు వెళ్తాను. ఎక్కి కిటికీ పక్కన కూర్చొని, "పో ఇగ, దుమ్ముల నిలవడకు" అంటుంది. నేను పోను. బస్సు చౌరస్తా మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడతాను.